ముందువెనుకల మాట: ‘ప్రిపాస్టరస్’

నేఁడు నేను ప్రసంగింపఁబోవునది ఒక్క మాటను గుఱించి. అది మన మాట కాదు, ఇంగ్లీషు మాట. ‘ప్రిపాస్టరస్’ అని దాని పేరు. ఒక్క మాటకై ఇంత ప్రసంగమా యని కొందఱు పెద్దలు నవ్వుకొందురేమో. నేను ముప్పదియైదేండ్లు నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల బడులలో తెలుఁగు చెప్పినవాఁడను. చిన్ననాఁడు గురువుగారి యరుగుమీఁద కూర్చుండి శబ్దమంజరి, అమరము, పిమ్మట తర్కసంగ్రహము వల్లించినవాఁడను. ఇంగ్లీషు నాకు వయస్సు వచ్చిన పిదప అవసరము కొలఁది అబ్బినది. కావున ఆ భాషలో క్రొత్త మాట యొకటి తారసిల్లెనేని, దాని మూలమేమి, అది యే యింటినుండి వచ్చినది, దానికి ఎవరితో చుట్టఱికము కలదు అని అడుగక విడువలేను. పండితులకిది జబ్బు. ఐనను ఈ జబ్బువలన ఒక రైతునకు కొంత మేలు జరిగినది. ఆ సంగతి మొదట చెప్పెదను.

మాది కృష్ణాజిల్లా మెరకసీమ. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జిల్లాలను విడఁదీసినప్పుడు నందిగామయు జగ్గయ్యపేటయు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. పెద్దల నోట మాత్రము ఇంకను అది కృష్ణాజిల్లాయే. పల్లపుసీమవలె మాకు కాలువనీటి సమృద్ధి లేదు. ప్రత్తి, మిరప, కంది, పెసర మా పంటలు. హైదరాబాదు విజయవాడల నడుమ పెద్దరస్తా మా యూళ్ల ప్రక్కనుండి పోవును గనుక భూమి ఖరీదు పెరిగినది. ఖరీదుతో వ్యాజ్యములు పెరిగినవి. వ్యాజ్యములతోపాటు ఇంగ్లీషు కాగితములు ఇండ్లకు వచ్చుటయు పెరిగినది. చదువరియైన పెద్దకు కూడ ఆ కాగితము ముందు నోరు పెగలదు.

నాలుగేండ్ల క్రిందట అట్టి కాగితమొకటి చేతఁబట్టుకొని డెబ్బదిరెండేండ్ల రైతు ఒకరు మా యింటికి వచ్చిరి. ఆయన నాకు వరుసకు బాబాయి. కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

“మాష్టారూ, నన్ను కోర్టు కాగితంలో తిట్టారండీ” అనిరి.

ఏమని తిట్టిరని అడిగితిని. ఎదిరిపక్షము వకీలు దాఖలు చేసిన జవాబుదావా అది. అందొక పంక్తిక్రింద ఎఱ్ఱ సిరాతో గీఁత గీచి తెచ్చిరి. వాది కోరిక ‘ప్రిపాస్టరస్’ అని ఆ పంక్తిలో ఉన్నది. ఆయన మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. ఆ పిల్ల ఫోనులో చూచి, బుద్ధిలేనిది, వెఱ్ఱిది, అసంబద్ధమైనది అని అర్థము చెప్పినదఁట.

“నాకు బుద్ధి లేదా మాష్టారూ? పంచాయతీలో పదేళ్లు పెద్దమనిషిగా కూర్చున్నవాణ్ణి. వాడిమీద పరువునష్టం దావా వేస్తాను. మా వకీలుతో మాట్లాడటానికే పేట వెళుతున్నాను” అనిరి.

వెళ్లుటకు ముందు ఒక్క గడియ ఆఁగుఁడని కోరి, మంచినీళ్లు ఇప్పించి, ఆ మాటను విప్పి చెప్పితిని. మీకును అట్లే చెప్పెదను.

ఈ మాట లాటినునుండి వచ్చినది. మనకు సంస్కృతమెట్లో ఇంగ్లీషువారికి శాస్త్రపు మాటలలో, న్యాయస్థానపు మాటలలో లాటిను అట్లు. అందు ‘ప్రే’ యనఁగా ముందు. ‘పోస్టెరుస్’ అనఁగా వెనుక వచ్చునది. రెండును కలసి ‘ప్రేపోస్టెరుస్’ ఐనది. వెనుక రావలసినది ముందు నిలిచినది అని అర్థము. మనలో సంస్కృతము చదివినవారికి ఇందులో రెండు తెలిసిన మొగములు కనఁబడును. ‘ప్రే’ అనునది మన ‘ప్ర’ ఉపసర్గకు చుట్టము. ‘పోస్ట్’ అనునది మన ‘పశ్చాత్’ అను మాటకు చుట్టము. సంస్కృతమునకును లాటినునకును గల ఈ రక్తసంబంధమును సర్ విలియం జోన్సు 1786లో కలకత్తా సభలో ప్రకటించినప్పటినుండి పండితులు ఒప్పుకొనుచునే యున్నారు. కావున ఈ మాటను ముక్కకు ముక్కగా మన భాషలోనికి తెచ్చితిమేని పూర్వాపరములు తాఱుమాఱైనది అని వచ్చును. ఇంకను తేలికగా చెప్పవలెనన్న ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అన్న సామెతయే ఈ మాటకు చాలిన వ్యాఖ్యానము. ఆలు రావలెను, పిదప చూలు, పిదప కొడుకు, ఆ పిదప పేరు. సామెతలోని పెద్దమనుష్యుఁడు పేరుతో మొదలుపెట్టినాఁడు. ఇంగ్లీషువారి ‘ప్రిపాస్టరస్’ అచ్చముగా అదియే.

ఇది చెప్పి, “బాబాయిగారూ, ఎదిరివకీలు మిమ్మల్ని బుద్ధిహీనుడని అనలేదు. మీ దావాలో ఏదో ముందుది వెనుక, వెనుకది ముందు అయిందని అంటున్నాడు. ఏ తేదీలు తిరగబడ్డాయో చూద్దాం, మీ కాగితాలు తెప్పించండి” అంటిని. మనుమరాలు సాయంకాలమునకు సంచితో తెచ్చినది.

తీఱ చూడఁగా సంగతి యిది. బాబాయిగారి తండ్రి 1974లో రెండెకరముల చేను కొనిరి. క్రయదస్తావేజు ఉన్నది. అమ్మినవాఁడు నలుగురన్నదమ్ములలో ఒకఁడు. ఆ నలుగురి పారీఖత్తు 1976లో రిజిస్టరైనది. రెండవవాని మనుమలు ఇప్పుడు లేచి, మా తాతల ఆస్తి 1976లో పంచుకొనఁబడినది గదా, వాటా రాకముందే 1974లో ఆ చేను అమ్ముట ఎట్లు అనుచున్నారు. వకీలు ఆ మొత్తమును ఒక్క మాటలో ఇమిడ్చి ‘ప్రిపాస్టరస్’ అని వ్రాసెను. దూడ పుట్టకముందే పాలు పితికితిమని చెప్పుచున్నారు అని తాత్పర్యము. మాట చక్కగా కుదిరినది. ఎదిరివాఁడైనను వాని ఇంగ్లీషును మెచ్చుకొనక తప్పలేదు.

అట్లైన దానికి బదులు కోపము కాదు, తేదీలు. వాటా ఎప్పుడు పడినదని బాబాయిగారిని అడిగితిని. అన్నదమ్ములు 1971లోనే చావడిలో పెద్దల యెదుట నోటిమాటతో పంచుకొని ఎవరి చేను వారు దున్నుకొనిరనియు, అప్పు పుట్టుటకు కాగితము కావలసి 1976లో వ్రాఁత పెట్టుకొనిరనియు ఆయన చెప్పిరి. ఇంత ముఖ్యమైన సంగతి దావాలో ఒక్క ముక్కయు లేదు. “అందరికీ తెలిసిందే కదా మాష్టారూ” అనిరి. ఊరందఱికిని తెలిసినది కాగితమునకు తెలియదు గదా. హిందూ ధర్మశాస్త్రము ననుసరించి పంపకము నోటిమాటతో జరిగినను చెల్లును. తరువాతి వ్రాఁత జరిగిపోయినదానిని ఒప్పుకొనుట మాత్రమే కావచ్చును. ఐతే జరిగినదని నిరూపింపవలెను. ఇంటిలోని పాతపెట్టె వెదకఁగా, అమ్మినవాఁడు ఆ రెండెకరములకు తన యొక్కని పేర శిస్తు కట్టిన 1972, 1973 సంవత్సరముల రసీదులు రెండు దొరకినవి. కొనుగోలునాఁడు దస్తావేజుతోపాటు చేతికిచ్చి యుండును. ఆయన వకీలు వానిని చూచి లేచి నిలువఁబడినాఁడఁట. పరువునష్టము దావా మాట మఱల రాలేదు. అసలు వ్యాజ్యము మాత్రము ఇంకను నడుచుచునే యున్నది. తీర్పు ఏమగునో నేను చెప్పఁజాలను.

ఇఁక ఈ మాటకు దాయాదులు కొందఱున్నారు. వారిని వేఱుపఱచి చూపనిదే ఈ మాట తెలిసినట్లు కాదు. నిఘంటువులు అన్నిటిని ఒక్క గాటికి కట్టివేయును. బ్రౌనుదొర 1852లో ఇంగ్లీషు తెలుఁగు నిఘంటువును వెలువరించి మనకు చేసిన మేలు చెప్పరానిది. కాని ఏ నిఘంటువైనను మాటకు మాట ఇచ్చును గాని, ఆ మాట ఏ నేరమును మోపుచున్నదో చెప్పదు.

మొదటి దాయాది ‘అబ్సర్డ్’. ఇదియు లాటినే. ‘సుర్దుస్’ అనఁగా చెవిటి, మూఁగవోయిన ధ్వని గలది అని అర్థము. ‘అబ్సుర్దుస్’ అనఁగా శ్రుతి తప్పినది. సంగీతమునుండి వచ్చిన నింద యిది. మనవారి ‘అపస్వరము’ దీనికి సరియైన జోడు. పక్కవానితో పొసఁగనిది, చెవికి గిట్టనిది, అందుండి బుద్ధికి గిట్టనిది అని అర్థము పెరిగినది. గణితమునందు ‘సర్డ్’ అని యొకటి కలదు. మన బడిపిల్లలు దానినే ‘కరణి’ యని చదువుదురు. రెంటి వర్గమూలము వంటివి. అరబ్బీ గణితజ్ఞులు ఇట్టి సంఖ్యలకు చెవిటివి అను అర్థముగల మాట వాడఁగా, లాటినువారు దానిని అట్లే తెనిఁగించినట్లు ‘సుర్దుస్’ అనిరి. మన శుల్బసూత్రకారులు మాత్రము వానిని నిందింపక, రెట్టింపు వైశాల్యముగల చదరమును చేయునది గనుక ‘ద్వికరణి’ యని గౌరవముగా పిలిచిరి. ఇది ప్రసంగవశమున వచ్చినది, పోనిండు.

‘అబ్సర్డ్’ అనఁదగిన దానికి మా సీమలోనే యొక ఉదాహరణము కలదు. పెద్దలలో కొందఱికి మునగాల పరగణా జ్ఞాపకముండును. ఇంగ్లీషువారి కాలమున అది కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోనిది. కాని నాలుగు ప్రక్కల నైజాము రాజ్యము. నడుమ ద్వీపమువలె మునగాల. అక్కడివాఁడు తన తాలూకా కచ్చేరికి రావలెనన్న పరరాజ్యము దాఁటి రావలెను. ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదపఁగాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. 2016నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. ఈ యేర్పాటును ‘అబ్సర్డ్’ అనవచ్చును. చుట్టుప్రక్కలతో శ్రుతి కలియలేదు గనుక. ‘ప్రిపాస్టరస్’ అనరాదు. అందు ముందువెనుకల తగవు లేదు.

రెండవ దాయాది ‘రిడిక్యులస్’. నవ్వుట అను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. మన ‘హాస్యాస్పదము’ సరిగా సరిపోవును. ‘లూడిక్రస్’ ఆట యను అర్థముగల ‘లూదుస్’ నుండి వచ్చినది. ఒకనాఁడు వినోదమైనది అని మంచియర్థమే యుండి, క్రమముగా నవ్వులపాలైనది. ఈ రెంటిలోను నింద చూచువాని నవ్వుమీఁద ఆధారపడి యున్నది. ‘ప్రిపాస్టరస్’ లోని నింద నవ్వుమీఁద ఆధారపడదు. నవ్వు రాకపోయినను తేదీలు తాఱుమాఱైనవో లేదో లెక్క చూచుకొనవచ్చును. అందువలననే దానికి బదులు చెప్పుట సాధ్యము. నిన్ను చూచి నవ్వు వచ్చుచున్నది అన్నవానికి ఏమి బదులు చెప్పఁగలము?

మన తర్కమున ఈ విభాగము ఇంకను సూక్ష్మముగా నున్నది. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు మన తెలుఁగువాఁడే. వాక్యము వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూఁడు కావలెనని ఆయన చెప్పెను. ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు అని ఊరక పేర్లు వల్లించినచో ఒకదానికొకటి అక్కఱ లేదు. అక్కడ ఆకాంక్ష లేదు. నిప్పుతో తడుపుము అన్నచో మాటలకు పొందిక యున్నను పనికి యోగ్యత లేదు. మాటకును మాటకును జామెడు ఎడమిచ్చి పలికినచో సన్నిధి లేదు. పతంజలియు మహాభాష్యమున పొత్తులేని మాటలకు ఉదాహరణముగా దానిమ్మపండ్లను, అప్పములను, కుండను, మేఁకతోలును ఒక్కచోట పోగుచేసి నవ్వించినాఁడు. మన పల్లెలలో మోకాలికిని బోడిగుండునకును ముడి అనునది ఆకాంక్ష లేని మాటను గుఱించియే. ‘ఎద్దు ఈనినదన్న దూడను కట్టివేయుమన్నట్లు’ అనునది యోగ్యత లేని మాటను నమ్మినవానిని గుఱించి. ఇంగ్లీషువారు మొదటిదానిని, రెండవదానిని సామాన్యముగా ‘అబ్సర్డ్’ అందురు. ‘ప్రిపాస్టరస్’ ఈ మూఁటిలో ఇమడక, క్రమభంగమును పట్టుకొన్నది. ఎద్దు ఈనుట ఎన్నఁటికిని జరుగదు. కొడుకునకు సోమలింగమని పేరు పెట్టుట జరుగును, కాని ఇప్పుడు కాదు. ఆ భేదము గమనింపవలెను.

కావ్యములలో ఈ క్రమభంగమే అలంకారమగుట వింత. కారణమునకంటె కార్యము ముందు జరిగినట్లు చెప్పుటను అప్పయ్యదీక్షితులు కువలయానందమున అత్యంతాతిశయోక్తి యని పేర్కొనిరి. యాచకుఁడు ఇంటినుండి బయలుదేఱకముందే వాని దారిద్ర్యము పాఱిపోయినది, రాజు దానము పిమ్మట చేసెను అన్నట్లు. గ్రీకులును ఇట్టి దానికి ఒక పేరు పెట్టుకొనిరి. పటన్‌హాము అను ఇంగ్లీషు లాక్షణికుఁడు 1589లో తన కావ్యశాస్త్రమును ప్రకటించుచు, ఆ గ్రీకు పేరు తనవారి నోట తిరుగదని ఆ అలంకారమునకు ‘ప్రిపాస్టరస్’ అని దేశినామము పెట్టెను. రాజును పొగడునప్పుడు అలంకారము, చేను కొన్నానని చెప్పునప్పుడు దోషము. కోర్టులో అతిశయోక్తికి చోటు లేదు, ఉండకూడదు కూడ.

షేక్స్పియరు ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ అను నాటకమున ఈ మాటను ఎంత ఒడుపుగా వాడెనో చూడుఁడు. ఒక కన్యకు చదువు చెప్పు నెపముతో ఇద్దఱు వరులు మాఱువేషమున వచ్చిరి. ఒకఁడు లాటిను పంతులు, ఒకఁడు వీణె పంతులు. నా పాఠము ముందన్న నా పాఠము ముందని తగవు. లాటిను పంతులు రెండవవానిని ‘ప్రిపాస్టరస్’ గాడిద అని తిట్టి, చదువుతో అలసిన మనస్సునకు సేద దీర్చుటకు గదా సంగీతము, అది చదువునకు వెనుక రావలసినదని తెలియదా అని కసరును. తగవు వరుసను గుఱించి, తిట్టు కూడ వరుసను గుఱించియే. మూలము తెలియనివానికి అందు గాడిద యొకటే వినఁబడును.

ఇక్కడ మా జగ్గయ్యపేటను తలఁచుకొనక యుండలేను. ఆ యూరి ప్రక్కనున్న ధనంబోడు అను దిబ్బమీఁది బౌద్ధస్తూపమును 1882లో బర్జెసు దొర త్రవ్వించెను. అక్కడి శిల్పములు మదరాసు మ్యూజియమునకు చేరినవి. అందొక పలకమీఁద చక్రవర్తి చేయెత్తి నిలువఁబడఁగా మేఘములనుండి నాణెములు వానగా కురియుచుండును. మాంధాతృచక్రవర్తి కథ యని పండితులు గుర్తించిరి. ఆ మాంధాత పుట్టుక వినుఁడు. భార్యకై మంత్రించి యుంచిన జలమును తండ్రి యువనాశ్వుఁడు దప్పికతో త్రాగెను. తండ్రి ప్రక్కను చీల్చుకొని బిడ్డఁడు పుట్టెను. పురుషుఁడు కనుటయు, బంగారు వాన కురియుటయు ఏ వకీలైనను ‘అబ్సర్డ్’ అనఁగలఁడు. కథను కథగా విన్నవారు ఎవ్వరును అట్లనలేదు. మాటను ప్రయోగించునప్పుడు ఏ సభలో ఉన్నామో చూచుకొనవలెనని దీని భావము. ఇంకొక ముచ్చట. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారు తమ తండ్రి జగ్గన్నగారి పేర దానికి ఈ పేరు పెట్టిరి. లోకమున తండ్రి కొడుకునకు పేరు పెట్టును. ఇక్కడ కొడుకు తండ్రి పేరును ఊరికి పెట్టెను. వరుస తాఱుమాఱుగా కనఁబడును గాని, కనఁబడుటయే. తండ్రి ముందే యున్నాఁడు గదా!

ఇఁక వాడుక. ప్రి, పాస్, ట, రస్ అని విఱిచి, రెండవ యక్షరమును ఒత్తి పలుకవలెను. ఇది విశేషణము. కోరికకు, వాదమునకు, ఆలోచనకు, ధరకు, వేషమునకు ముందు చేర్చుదురు. మనిషికి చేర్చినచో కరకుఁదనము హెచ్చును. కాగితములో కోరికకు చేర్చిరా, మీకు చేర్చిరా అని మొదట చూచుకొనుఁడు. మా బాబాయిగారి కాగితమున కోరికకే చేర్చిరి. పెద్దలయెడ, అధికారులయెడ మనము వాడుటకు తగిన మాట కాదు. అర్జీలో ఈ మాట వ్రాయుటకంటె, ఫలాని తేదీన జరుగవలసినది ఫలాని తేదీన జరిగినదని రెండు తేదీలు వ్రాయుట బలవత్తరము. పెండ్లిచూపులు కాకముందే శుభలేఖలు అచ్చు వేయించుట, నీరు పడునో లేదో చూడక మోటారు కొనితెచ్చుట, ఇట్టివానికి ఈ మాట సొంపుగా అమరును. అమ్మ ఆవు అని వ్రాయుట రాని పసివానిచేత మూఁడేండ్లకే ఇంగ్లీషు వ్యాసము చదివించుటకు కూడ చేర్చవచ్చునని నా స్వంత అభిప్రాయము. ఆ విషయమున నాతో కలియనివారు నా యింటనే యున్నారు.

ఒక హెచ్చరిక చేయవలెను. నేఁటి ఇంగ్లీషువారిలో అనేకులు ఈ మాట పలుకునప్పుడు ముందువెనుకల సంగతి తలఁపరు. మిక్కిలి అన్యాయమైనది, నమ్మరానిది, హద్దు మీఱినది అని మాత్రమే వారి భావము. ఫోను చెప్పిన అర్థము తప్పు కాదు, సగము. కావున ఈ మాట కనఁబడినప్పుడు వరుస తాఱుమాఱైనదా అని మొదట వెదకి, లేదని తేలినచో హద్దు మీఱుట యని గ్రహింపవలెను.

దీనికి తెలుఁగేమి? మాటలను వెదకి కూర్చు పనిలో మా సీమ పెద్ద యొకరిని స్మరింపవలసి యున్నది. నందిగామకును జగ్గయ్యపేటకును సమీపమున మునియేటి యొడ్డున పెనుగంచిప్రోలు కలదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుపంతులుగారు 1877లో అక్కడనే జన్మించిరి. ఇప్పుడు చెప్పిన మునగాల సంస్థానమునకే దివానుగా నుండి, ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూని, 1923లో గతించిరి. ఇంగ్లీషులోని శాస్త్రమంతయు తెలుఁగులో చెప్పవచ్చునని చేసి చూపిన మహనీయులు. ఆయన అప్పగారు భండారు అచ్చమాంబగారును రచయిత్రియే. అట్టివారు పుట్టిన సీమలో ‘ప్రిపాస్టరస్’ అను మాటకు తెలుఁగు లేదనుట మనకు తగదు.

అసంగతము అందుమా, అది ‘అబ్సర్డ్’ నకు చెల్లును. హాస్యాస్పదము ‘రిడిక్యులస్’ నకు పోయినది. పూర్వాపరవిరుద్ధము అర్థమునకు సరిపోవును గాని నోట తిరుగదు, ధరకును వేషమునకును చేరదు. చాల దినములు వెదకఁగా, వెదకిన మాట వాకిటనే దొరకినది. ‘విపరీతము’. ‘వి’, ‘పరి’ అను రెండు ఉపసర్గలు చేరి, పోవుట యను అర్థముగల ధాతువునుండి వచ్చినది. తిరుగఁబడినది, వరుస మాఱినది అని అసలైన అర్థము. శాస్త్రములలో నేఁటికిని ఆ యర్థముననే వాడుదురు. మఱి మన పల్లెలలోనో? విపరీతమైన యెండ, విపరీతమైన ధర అందుము. ఎండ తిరుగఁబడినదనియా? కాదు, హద్దు మీఱినదని. తాఱుమాఱుతో బయలుదేఱి హద్దు మీఱుటకు చేరిన ఆ ప్రయాణము లాటిను మాట ఇంగ్లీషులో చేసినదే, సంస్కృతపు మాట తెలుఁగులో చేసినది. ఒకరి నడక ఒకరు చూచి నేర్చుకొన్నది కాదు. మా బాబాయిగారికి ఈ తెలుఁగు చెప్పినప్పుడు, “ఆ ముక్క ముందే వ్రాస్తే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు కదా మాష్టారూ” అనిరి. ధరకు చేర్చిచూడుఁడు, కోరికకు చేర్చిచూడుఁడు, వేషమునకు చేర్చిచూడుఁడు. ఇంగ్లీషు మాట నిలిచినచోటనెల్ల ఇది నిలుచును.